జర్మనీలో ఉంటూ నెదర్లాండ్స్‌లో బోటు కొనాలంటే: ఏ దారిలో ఎంత ట్యాక్స్, ఏ పేపర్లు అడగాలి

మొన్న శనివారం డ్యూసెల్డార్ఫ్‌లో మన తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాలకి కలిశాం, అక్కడ కొత్తగా పెళ్ళైన ఒక జంట, ఇద్దరూ సాఫ్ట్‌వేరే, నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఒక బోటు చూసొచ్చాం అన్నా, ఎనిమిది మీటర్ల పైన ఉంది, డెబ్భై వేల యూరోలు చెప్తున్నాడు, దీని మీద మళ్ళీ ట్యాక్స్ కట్టాలా అని అడిగారు. అంతే, ఒకాయన అసలు ఏమీ ఉండదమ్మా ఈయూ లోపలే కదా అన్నాడు, ఇంకొకాయన డచ్ వాళ్ళకి 21 శాతం కట్టాల్సిందే అన్నాడు, మూడో ఆయన కాదు కాదు జర్మనీలో 19 శాతం కట్టాలి అన్నాడు. నేను పప్పన్నం కలుపుకుంటూ విన్నా, ముగ్గురూ చెప్పింది నిజమే, కాకపోతే ముగ్గురూ మూడు రకాల బోట్ల గురించి చెప్పారు. ఆ అమ్మాయి చూసిన బోటు ఏ రకమో మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకే ఇది రాస్తున్నా. మన రైన్ వైపు ఉన్న తెలుగువాళ్ళలో ఈ మధ్య బోటు ఆలోచన చేసేవాళ్ళు పెరిగారు, జర్మనీలో వెతికితే పది కనిపిస్తే అదే రేటులో హాలండ్‌లో వంద కనిపిస్తాయి, రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే చాలు, సరిహద్దు దగ్గర మామూలుగా పెద్దగా ఆపరు కూడా. దాంతో ఇదేదో సెకండ్ హ్యాండ్ సోఫా కొన్నట్టు అనుకుని వెళ్ళిపోతున్నారు. మాది నరసాపురం దగ్గర, చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవుకి పంటు ఎక్కి దాటడమే, అక్కడ బోటుకి కాగితం ఉంటుందని కూడా మాకు తెలియదు. ఇక్కడ అలా కాదు, బోటు కొనడం అంటే మన ఊళ్ళో స్థలం కొన్నట్టు, లింక్ డాక్యుమెంట్లు చూసుకోవాలి, ఈసీ తీయించుకోవాలి.

ముందు ఒక్క విషయం పట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ట్యాక్స్ ఎంత అనేది దేశాన్ని బట్టి కాదు, నాలుగు ప్రశ్నలని బట్టి ఉంటుంది: బోటు పొడవు 7.5 మీటర్లు దాటిందా, అది మొదట నీళ్ళలోకి దిగి మూడు నెలలు దాటిందా, నీళ్ళ మీద 100 గంటలు తిరిగిందా, ఇంకా బోటు చివరికి ఏ దేశంలో ఉండబోతోంది. అమ్మేవాడు డీలరా మామూలు మనిషా అనేది ఆ తర్వాతి ప్రశ్న.

పాత బోటు, మామూలు మనిషి దగ్గర

మనలాంటి వాళ్ళకి అన్నిటికన్నా సుఖమైన దారి ఇదే, నేను కొన్నదీ ఇలాగే. అమ్మే ఆయన ప్రైవేటు వ్యక్తి, బోటుకి ఏళ్ళు గడిచాయి, ఎప్పుడో మొదటి ఓనరు వ్యాట్ కట్టేశాడు, బోటు ఈయూ లోపలే ఉంది. ఇలా అయితే నెదర్లాండ్స్‌లో కట్టేది లేదు, జర్మనీలో కట్టేది లేదు, కస్టమ్స్ ఊసే లేదు. చెప్పిన రేటే మీ రేటు.

కానీ వ్యాట్ కట్టేశారు అనే మాటకి రుజువు కావాలి. నోటిమాట కుదరదు, కాంట్రాక్టులో ఒక లైను రాసుకుంటే కొంత నయం కానీ అసలైన రుజువు మొట్టమొదటి ఇన్వాయిస్. నేను స్నేక్ అనే డచ్ ఊరి దగ్గర ఒక పెద్దాయన, వాళ్ళావిడ దగ్గర తొమ్మిదిన్నర మీటర్ల ఉక్కు మోటారు బోటు కొన్నా, 1991లో తయారైంది. ఆవిడ టీ పెట్టి, బీరువాలోంచి ఒక నీలం రంగు ప్లాస్టిక్ ఫోల్డర్ తీసి టేబుల్ మీద పెట్టింది, అందులో పైనే ఉంది పడవ కట్టిన వాళ్ళిచ్చిన ఇన్వాయిస్, రేటు గిల్డర్లలో, కింద బీటీడబ్ల్యూ, అంటే డచ్ వ్యాట్, 18.5 శాతం అని విడిగా వేసి ఉంది. నెదర్లాండ్స్‌లో 1989 నుంచి 1992 సెప్టెంబర్ దాకా వ్యాట్ 18.5 శాతమే, ఇప్పుడున్న 21 శాతం 2012 అక్టోబర్ నుంచి వచ్చింది, అంటే ఇన్వాయిస్ మీద తేదీ, పక్కనున్న శాతం ఒకదానికొకటి సరిపోయాయన్నమాట. మీరు చూసే పాత ఇన్వాయిస్‌లో కూడా ఇలా సరిచూసుకోండి, తొంభైల నాటి బిల్లు మీద 21 శాతం కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

ఇన్వాయిస్ లేని బాగా పాత బోట్లకి ఇంకో రూల్ ఉంది. 1985 జనవరి 1కి ముందు నుంచి వాడకంలో ఉండి, 1992 డిసెంబర్ 31న అప్పటి ఈయూ దేశాల్లో ఉన్న బోటైతే వ్యాట్ కట్టేసినట్టే లెక్క. ఆస్ట్రియా, స్వీడన్, ఫిన్లాండ్ తర్వాత చేరాయి కాబట్టి వాటికి తేదీలు 1987, 1994. ఇక్కడ కావాల్సినవి రెండు రుజువులు, బోటు వయసుకి ఒకటి, ఆ రోజు అది ఎక్కడుంది అనడానికి ఒకటి. హార్బర్ అద్దె రసీదు, ఇన్సూరెన్స్ పేపరు, పాత సర్వే రిపోర్టు, ఏదైనా పర్లేదు. 1992 నాటి హార్బర్ రసీదు చిరిగిపోయి ఉన్నా అడిగి తీసుకోండి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు మిమ్మల్ని అదే అడుగుతాడు.

డీలరు దగ్గర పాత బోటు కొంటే వాళ్ళు ఎక్కువగా మార్జిన్ స్కీమ్‌లో అమ్ముతారు, అంటే వాళ్ళ లాభం మీదే వ్యాట్, అది రేటులో కలిసిపోయి ఉంటుంది, బిల్లు మీద విడిగా కనపడదు, డచ్‌లో మార్జేరెగెలింగ్ అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఆ ముక్క ఉందో లేదో చూసుకోండి. డీలరు దగ్గర కొంటే కొంచెం ఎక్కువ పడుతుంది కానీ తర్వాత ఇంజిన్ ఆగిపోతే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. బ్రోకరు వేరు, డీలరు వేరు, ఇది చాలామంది కలిపేస్తారు. బ్రోకరు మధ్యలో ఉండి కమిషన్ తీసుకుంటాడు అంతే, అమ్మేది వెనకున్న ఓనరే, కాబట్టి మీ కాంట్రాక్టు ఎవరి పేరుతో ఉందో చూడండి.

కొత్తగా ఉన్న పాత బోటు, అసలు గొడవంతా ఇక్కడే

ఇది నిదానంగా చదవండి. ఈయూ వ్యాట్ రూల్స్‌లో కొత్త రవాణా సాధనం అని ఒక మాట ఉంది, బోట్ల విషయంలో దాని అర్థం మనం అనుకునే కొత్త కాదు. పొడవు 7.5 మీటర్లు దాటిన బోటు, మొదట వాడకంలోకి వచ్చి మూడు నెలలు దాటకపోయినా కొత్తదే, లేదా నీళ్ళ మీద 100 గంటలు దాటకపోయినా కొత్తదే. రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు. పాతది అనిపించుకోవాలంటే రెండూ దాటాలి.

అంటే మూడేళ్ళ కిందటి బోటు, ఓనరు ఏడాదికి నాలుగు వీకెండ్లు తిప్పాడు, మొత్తం 64 గంటలు అయ్యాయి అనుకోండి. మన కంటికి అది సెకండ్ హ్యాండ్, చట్టం కంటికి కొత్తది. దాన్ని మీరు జర్మనీకి తెచ్చుకుంటే ఇక్కడ 19 శాతం కట్టాలి, అమ్మినవాడు కంపెనీ కాదు మామూలు మనిషే అయినా సరే కట్టాలి. డెబ్భై వేల యూరోల బోటైతే 13,300 యూరోలు. ఇది డీలరు కట్టేది కాదు, కొన్నవాళ్ళే తమ ఫినాంట్సామ్ట్‌కి, అంటే జర్మన్ ట్యాక్స్ ఆఫీసుకి, యూఎస్‌టీ 1 బీ అనే ఫారం నింపి పది రోజుల్లోపు కట్టాలి. పది రోజులంటే బోటు దించుకుని, కర్టెన్లు ఉతికేలోపు అయిపోతాయి.

మరి మొదటి ఓనరు ఆల్రెడీ డచ్ వ్యాట్ కట్టాడు కదా, ఒకే బోటుకి రెండుసార్లా అని మీకు డౌటు రావాలి, వస్తుంది కూడా. దానికే చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, అమ్మే ప్రైవేటు వ్యక్తి తను కట్టిన వ్యాట్‌లో ఆ అమ్మకానికి తగ్గ భాగం తన ట్యాక్స్ ఆఫీసు నుంచి వెనక్కి అడగొచ్చు. కానీ చాలామంది డచ్ ఓనర్లకి ఈ సంగతి తెలియదు, మనకీ తెలియదు కాబట్టి ఎవరూ బేరంలో తీసుకురారు. ఇలాంటి బోటు మీకు బాగా నచ్చితే ఓపెన్‌గా కూర్చుని మాట్లాడండి, మీకు అక్కడ ఇంత వెనక్కి వస్తుంది, నాకు ఇక్కడ ఇంత పడుతుంది, కాబట్టి రేటు ఇలా వేసుకుందాం అని. కాంట్రాక్టు సంతకం కాకముందే ఈ మాట రావాలి, అయ్యాక వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

గంటల లెక్క ఎలా అంటే, రూల్‌లో ఉన్నది నీళ్ళ మీద తిరిగిన గంటలు, ఇంజిన్ మీటరు గంటలు కాదు. తెరచాప బోటైతే ఇంజిన్ మీటరు 40 చూపిస్తుంది, గాలితో తిరిగింది మూడు వందల గంటలు ఉండొచ్చు, అప్పుడు లాగ్‌బుక్కే మీకు దిక్కు. అందుకే సేల్ రోజు మీటరు ఫోటో తీసుకోండి, లాగ్‌బుక్ కాపీ తీసుకోండి, కాంట్రాక్టులో గంటలు రాయించుకోండి.

పూర్తిగా కొత్తది కొంటే

7.5 మీటర్లు దాటిన కొత్త బోటుని డచ్ డీలరు దగ్గర కొని జర్మనీకి తెచ్చుకుంటే డీలరు వ్యాట్ లేకుండా బిల్లు ఇవ్వాలి, మీరు ఇక్కడ 19 శాతం కట్టాలి, ఫారం అదే, పది రోజులు అవే. వ్యాట్ లేకుండా తొంభై వేల బోటైతే ఇక్కడ 17,100, అదే అక్కడ 21 శాతమైతే 18,900, తేడా 1,800. ఆ 1,800 మిగులుతుందని ఇలా చేయమని నేను చెప్పట్లేదు, రూలే అది. డీలరు పొరపాటున 21 శాతం వేసి ఇస్తే మీరు కట్టేసి ఊరుకుంటే ఫినాంట్సామ్ట్ తన 19 శాతం తను అడుగుతుంది, డచ్ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం మీ నెత్తిన పడుతుంది.

7.5 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే లెక్క మారుతుంది. మీరే ట్రెయిలర్ తీసుకెళ్ళి తెచ్చుకుంటే అక్కడే 21 శాతం కట్టి వస్తారు, జర్మనీలో ఇంకేమీ లేదు. డీలరే జర్మనీకి చేరవేసి ఇస్తే 2021 జూలై 1 నుంచి ఉన్న దూరపు అమ్మకాల రూల్ ప్రకారం జర్మన్ 19 శాతం వేయాలి, ఏడాదికి పది వేల యూరోల లోపు అమ్మే చిన్న వ్యాపారికి మినహాయింపు ఉంది కానీ ఒక్క బోటుతోనే అది దాటిపోతుంది. నలభై వేల బోటు మీద తేడా 800 యూరోలు, రవాణా ఖర్చు దానికన్నా ఎక్కువైతే లాభం లేదు, మీరే తెచ్చుకోండి.

ఇంకో సంగతి, మా ఏరియా వాళ్ళు చాలామంది బోటు కొని హాలండ్ హార్బర్‌లోనే ఉంచుకుంటారు, వీకెండ్‌కి వెళ్ళొస్తారు. అలా అయితే బోటు దేశం దాటలేదు కాబట్టి కొత్తదానికి డచ్ 21 శాతమే. ఏదో జర్మనీకి తెస్తున్నట్టు చెప్పి వ్యాట్ లేని బిల్లు తీసుకుని అక్కడే ఉంచేయడం మాత్రం వద్దు, వీసా మీద ఉన్నవాళ్ళం, ట్యాక్స్ ఆఫీసుతో ఇలాంటి పేచీ కొరివితో తల గోక్కోవడమే.

నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్, ఆమ్‌స్టెల్‌వేన్ వైపు ఉండి జర్మనీలో కొనేవాళ్ళకి ఇదే తిరగేసి చదువుకోండి, 19 స్థానంలో 21 వస్తుంది, ఆఫీసు బెలాస్టింగ్‌డీన్‌స్ట్ అవుతుంది.

ఇంగ్లండ్‌లో చవగ్గా ఉంది కదా అంటే

ఉంటుంది. ఫోటోలు కూడా బాగుంటాయి. కానీ 2021 జనవరి 1 నుంచి అది బయటి దేశం. 2020 చివరిరోజున యూకేలో ఉన్న బోటు తన ఈయూ వ్యాట్ హోదా పోగొట్టుకుంది, దాన్ని 2005లో హాలండ్‌లోనే తయారుచేసి అక్కడే వ్యాట్ కట్టి ఉన్నా సరే. ముప్పై ఐదు వేల యూరోల విలువ చేసే బోటుని జర్మనీకి తెస్తే 19 శాతం ఇంపోర్టు వ్యాట్ 6,650, పైన రవాణా ఖర్చు కలిపితే దాని మీద కూడా, బోటు రకాన్ని బట్టి కొంత సుంకం. తిరిగొచ్చిన సరుకు మినహాయింపు అని ఒకటి వింటారు, అది ఈయూ నుంచి పట్టుకెళ్ళిన మనిషే మామూలుగా మూడేళ్ళలోపు తిరిగి తెచ్చుకుంటే, కొత్తగా కొన్న మనకి పనికిరాదు.

దాంతోపాటు సీఈ మార్కు, అంటే బోటు ఈయూ భద్రతా ప్రమాణాలకి సరిపోయిందనే గుర్తు. 2.5 నుంచి 24 మీటర్ల మధ్య బోట్లకి 1998 జూన్ 16 నుంచి సీఈ తప్పనిసరి, ఆ తేదీకి ముందే ఈయూ మార్కెట్లో ఉన్నవాటికి అక్కర్లేదు. అందుకే నా 1991 బోటుకి ఆ ప్లేటు లేదు, ఎవరూ అడగరు. అమెరికా నుంచి వచ్చిన బోటు, సీఈ ప్లేటు లేదు, రేటు మాత్రం తక్కువ అని ఎవరైనా చూపిస్తే దానికి బోటు తయారైపోయాక చేయించే అసెస్‌మెంట్ అని వేరే పెద్ద ఖర్చు ఉంటుంది. నా సలహా, మొదటి బోటుకి ఈయూ బయటికి వెళ్ళొద్దు.

స్విట్జర్లాండ్ కూడా బయటే. అక్కడి వ్యాట్ 8.1 శాతం చూసి ఆశపడకండి, జర్మనీలోకి వస్తే 19 పడుతుంది. ఇంకా జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో ఉన్న బోడెన్‌సే మీద తిప్పాలనుకుంటే ఆ సరస్సుకి దాని సొంత రిజిస్ట్రేషన్, సొంత ఇంజిన్ పొగ రూల్స్, సొంత లైసెన్సు, 6 పీఎస్ (హార్స్‌పవర్) దాటిన ఇంజిన్ లేదా 12 చదరపు మీటర్లు దాటిన తెరచాప ఉంటే అది కావాలి. హాలండ్‌లో చక్కగా నడిచే పాత డీజిల్ బోటు అక్కడ పాస్ కాకపోవచ్చు, కొనకముందే కనుక్కోండి.

బోటుకి ఈసీ తీయడం

ఇది నా మీదకి వచ్చిన సంగతి, అందుకే ఎక్కువ రాస్తున్నా. నేను మొదట కొందామనుకున్న బోటు ఇప్పుడున్నది కాదు. దానికి ఒక బ్రోకరు ఉన్నాడు, బాగా మాట్లాడాడు, కడాస్టర్‌లో నమోదు ఉందా అని అడిగితే లేదు లేదు అన్నాడు. నెదర్లాండ్స్‌లో మామూలు బోటుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఇష్టమైతే భూముల ఆఫీసైన కడాస్టర్‌లోనే బోటుని కూడా నమోదు చేయించుకోవచ్చు, బ్యాంకు లోను కావాలంటే తప్పకుండా చేయిస్తారు. నమోదైన బోటు మీద ఒక గుర్తు చెక్కుతారు, బ్రాండ్‌మెర్క్ అంటారు, అంకె, ఒక అక్షరం, ఆఫీసు ఊరు పొట్టిపేరు, సంవత్సరం.

అడ్వాన్సు పది శాతం కట్టా, సర్వే, అంటే నిపుణుడి తనిఖీ, బాగుంటేనే అనే కండిషన్‌తో. సర్వే రోజు క్రేన్‌తో బోటుని పైకి లేపారు, సర్వేయరు కింద రేకు మందం కొలిచే మిషన్ పెట్టుకుని అడుగడుగునా చూసుకుంటూ వస్తున్నాడు, పైకెక్కి వెనక వైపు తలుపు చట్రం దగ్గర టార్చి వేసి వేలితో తడిమి, గుడ్డకి ఏదో రాసి తుడిచి నన్ను పిలిచాడు. మూడు పొరల తెల్ల పెయింటు కింద ఉబ్బెత్తుగా అంకెలు, పక్కన అక్షరాలు. ఆ నంబరుతో కడాస్టర్ నుంచి రిపోర్టు తీస్తే ఓనరు పేరు వేరే, అమ్ముతున్నాయన పేరే కాదు, పైగా ఒక తనఖా ఇంకా తీసేయలేదు. అమ్ముతున్న ఆయన మోసగాడని నేను అనను, ఆయన కూడా ఎప్పుడో చేతి కాగితం మీద కొనేసినట్టున్నాడు. కానీ నమోదైన బోటు చేతులు మారాలంటే డచ్ చట్టం ప్రకారం నోటరీ దస్తావేజు ఉండాలి, అది కడాస్టర్‌లో ఎక్కాలి, లేకపోతే మీరు డబ్బిచ్చినా బోటు మీది కాదు. మూడు వారాలు తిరిగితే అడ్వాన్సు వెనక్కి వచ్చింది, అది కూడా బ్రోకరు సొంత ఖాతాలో కాకుండా మూడో పార్టీ ఖాతాలో వేశాను కాబట్టి. దాన్ని డెర్డెన్‌గెల్డెన్ ఖాతా అంటారు, ఆ పేరు అడిగి మరీ వేయండి.

కాబట్టి బ్రాండ్‌మెర్క్ మీరే వెతకండి, వెనక భాగం, చట్రాలు, ఇంజిన్ గది, పెయింటు కొత్తగా వేసిన చోట ముఖ్యంగా. దొరికితే రిపోర్టు తీయించండి, తనఖా ఉంటే తీర్చి, నోటరీతో మార్పించి, జర్మనీకి తెచ్చేస్తుంటే అక్కడి నమోదు కొట్టేయించి తెచ్చుకోండి. గంటకి 20 కిలోమీటర్లు దాటే వేగపు మోటారు బోట్లకి వేరే, అవి డచ్ వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆర్‌డీడబ్ల్యూలో నంబరుతో ఉంటాయి, ఆ నంబరు ఓనరు పేరుకీ మీకు అమ్మే మనిషి ఐడీకీ సరిపోవాలి, కొన్నాక ఆ నమోదు కూడా మార్పించడమో రద్దు చేయించడమో జరగాలి.

సీఈ కాలం బోటైతే హల్ (బోటు బాడీ) మీద 14 అక్షరాల నంబరు ఉంటుంది, ముందు దేశం కోడు, తర్వాత కట్టినవాళ్ళ కోడు, సీరియల్ నంబరు, చివర కట్టిన నెలకి ఒక అక్షరం, సంవత్సరానికి అంకె, ఆపైన మోడల్ ఇయర్. జనవరికి A, డిసెంబర్‌కి L. ప్రకటనలో 2012 అని ఉండి నంబరు చివర 09 ఉంటే అడగండి. కాంట్రాక్టులో ఈ నంబరు, ఇంజిన్ నంబరు, అప్పులు లేవనే మాట, వ్యాట్ కట్టేసిందనే మాట, బోటుతోపాటు ఇస్తున్న సామాను లిస్టు, అన్నీ ఉండాలి. డబ్బు బ్యాంకులోనే, క్యాష్ వద్దు.

జర్మనీకి వచ్చాక

కొనడం అయిపోయాక ఇక్కడి పని పెద్ద కష్టం కాదు. ఫెడరల్ జలమార్గాల మీద మూడు పీఎస్ అంటే 2.21 కిలోవాట్లు దాటిన ఇంజిన్ ఉన్నా, 5.5 మీటర్లు దాటిన తెరచాప బోటైనా నంబరు కావాలి, కనీసం పది సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలతో. జలమార్గాల ఆఫీసు డబ్ల్యూఎస్ఏ ఇస్తుంది, లేదా జర్మన్ మోటారు క్లబ్ ఏడీఏసీ ఇచ్చే ఇంటర్నాషనాలర్ బోట్స్‌షైన్ (అంతర్జాతీయ బోటు కాగితం) నంబరు చివర A అక్షరంతో వాడుకోవచ్చు, అది రెండేళ్ళకోసారి రెన్యూ. బయటి దేశానికి తిప్పేవాళ్ళు ఈ బోట్స్‌షైన్ తీసుకోవడమే మేలు, ఒకే కాగితం రెండు పనులకి.

ఇక్కడ ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి, ఇది తెలుగులో ఎవరూ చెప్పగా నేను చూడలేదు. సముద్రంలో జర్మన్ జెండా కట్టుకోవడానికి జర్మన్ సముద్ర వ్యవహారాల ఆఫీసు బీఎస్‌హెచ్ ఇచ్చే ఫ్లాగెన్‌ట్సెర్టిఫికాట్ (జెండా సర్టిఫికెట్) ఉంటుంది, 15 మీటర్ల లోపు బోట్లకి, ఎనిమిదేళ్ళు చెల్లుతుంది. జెండా చట్టం ఓనరు ఎక్కడ ఉంటున్నాడని మాత్రమే చూడదు, పౌరసత్వం కూడా చూస్తుంది, జర్మన్లు, ఇంకా ఈయూ పౌరులు. బ్లూ కార్డు మీదో పర్మనెంట్ రెసిడెన్సీ మీదో ఉన్న మనకి అది రాదు. రైన్, కాలువలు, హాలండ్ సరస్సులు తిరగడానికి దీంతో పని లేదు కాబట్టి గాభరా పడకండి, కానీ మీ కల బాల్టిక్ దాటి డెన్మార్క్ వెళ్ళడం అయితే కొనకముందే ఈ ముడి విప్పుకోండి. భార్యాభర్తల్లో ఒకరికి జర్మన్ పాస్‌పోర్టు వచ్చి ఉంటే కాంట్రాక్టు ఎవరి పేరున రాయాలో ఆలోచించాల్సింది అప్పుడే.

లైసెన్సు దగ్గర కూడా రెండు దేశాలకి తేడా ఉంది. నా బోటు నెదర్లాండ్స్‌లో లైసెన్సు లేకుండా నడపొచ్చు, అక్కడ 15 మీటర్లు లేదా గంటకి 20 కిలోమీటర్లు దాటే వేగం ఉంటేనే వార్‌బెవైస్ అనే బోటు లైసెన్సు కావాలి. అదే బోటు సరిహద్దు ఊరు లోబిత్ దాటి రైన్ మీద జర్మనీలోకి అడుగుపెట్టిన క్షణం నుంచి జర్మన్ బోటు లైసెన్సు స్పోర్ట్‌బోట్‌ఫ్యూరర్‌షైన్ ఉండాలి, జర్మనీలో మామూలుగా 15 పీఎస్ పరిమితి అయితే రైన్ మీద అది 5 పీఎస్సే. ఫ్రీస్‌లాండ్ నుంచి ఐసెల్ నది మీదుగా డ్యూయిస్‌బుర్గ్ దాకా అంతా ఎదురుప్రవాహమే, నా బోటు రైన్ మీద నడిచే మనిషి కన్నా కొంచెం వేగంగా వచ్చింది అంతే, డీజిల్ లెక్క అందుకు తగ్గట్టు వేసుకోండి, లేదా లారీ మీద తెప్పించుకునే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే దాని నంబర్లు బోటుతోపాటు రావు. రేడియోలో బోటుని గుర్తుపట్టే నంబరు ఎంఎంఎస్ఐ, డచ్‌ది 244తో మొదలవుతుంది, మనకి జర్మన్ టెలికాం ఆఫీసు బుండెస్‌నెట్సాగెంటూర్ నుంచి 211తో మొదలయ్యేది కావాలి, నదులు, కాలువల లాంటి లోపలి జలమార్గాలకి వాడే ఏటీఐఎస్ అనే గుర్తింపు నంబరు 9211తో. సెట్టులో మార్చడానికి చాలా మోడళ్ళకి షాపువాడి దగ్గరికి వెళ్ళాలి, ఎంఎంఎస్ఐ ఒకసారి వేశాక మళ్ళీ మనంతట మనం మార్చలేం. పాత ఓనరుని కూడా ఆయన వైపు రద్దు చేయించమని అడగండి.

ట్రెయిలర్‌తో కొంటే ఆ ట్రెయిలర్ వేరే వాహనం, దాని పేపర్లు వేరు, ఆర్‌డీడబ్ల్యూ నుంచి ఎగుమతికి తీయించాలి, ఇక్కడ తనిఖీ చేయించాలి. స్పోర్ట్స్ బోటుకే వాడితే పచ్చ నంబరు ప్లేటు వస్తుంది, వాహన పన్ను ఉండదు.

నన్ను ఏది ఎంచుకోమంటావు అంటే, మొదటి బోటుకి పదేళ్ళు దాటినది, మామూలు ఓనరు దగ్గర, ఇన్వాయిస్ ఉన్న ఫోల్డరుతో, సర్వే కండిషన్‌తో. రెండు వేలు ఎక్కువైనా ఫోల్డరు ఉన్న బోటే తీసుకోండి. కొత్తదే కావాలి, డబ్బుంది అంటే 7.5 మీటర్ల లోపుదైతే కాగితాల గొడవ చాలా తక్కువ, దాటితే ఫారం, పది రోజులు గుర్తుపెట్టుకుని కొనండి. మధ్యలో ఉండే తక్కువ తిరిగిన బోటు మాత్రం లెక్క కట్టి, అమ్మేవాడితో ముందే మాట్లాడి కొంటేనే.

ఆ జంట సంగతి చెప్పలేదు కదా. భోజనాలయ్యాక వాళ్ళ ఫోన్‌లో ప్రకటన తెరిపించి చూశా, 8.1 మీటర్లు, 2023 మోడల్, అమ్మేది ప్రైవేటు వ్యక్తే. గంటలు రాసి లేవు. అక్కడి నుంచే ఆ అబ్బాయి అమ్మే ఆయనకి మెసేజ్ పెట్టాడు, అరగంటలో మీటరు ఫోటో వచ్చింది, 58 గంటలు. ఓనరు మంచాయన, మేం ఈ రూల్ చెప్తే తన ట్యాక్స్ కన్సల్టెంట్‌ని అడిగి తనకి ఎంత వెనక్కి వస్తుందో సోమవారం చెప్తానన్నాడు. ఆ అంకె వచ్చాకే వాళ్ళు రేటు మాట్లాడతారు.